నర్సింగ్ చదువుతూ ఇల్లు నడపడం ఎలా

పెళ్లయి, పిల్లలు పుట్టాక జీఎన్‌ఎంలోనో (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా) బీఎస్సీ నర్సింగ్‌లోనో చేరుతున్న ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంటర్ కాగానే పెళ్లయిపోయి, పిల్లవాడు బడికి వెళ్లే వయసొచ్చాక మళ్లీ పుస్తకం పట్టేవాళ్లు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి అనాటమీ కంటే నెల మధ్యలో వచ్చిపడే పరీక్ష ఫీజు నోటీసు భయం.

ఇంటి ఖర్చు నెలనెలా వస్తుంది. కోర్సు ఖర్చు అలా రాదు. చేరేటప్పుడు ఒక పెద్ద మొత్తం, తర్వాత యూనిఫాం, రికార్డు పుస్తకాలు, పరీక్ష ఫీజు, ఊరు కాని ఊళ్లో పోస్టింగ్ (ఆసుపత్రిలో చేసే శిక్షణ డ్యూటీ) అంటూ ఏడాదిలో నాలుగైదుసార్లు ఒక్కసారిగా మీద పడుతుంది. రావాల్సిన స్కాలర్‌షిప్ మాత్రం చెప్పిన టైముకు రాదు. అందుకే నెల బడ్జెట్ ఒక్కటే రాసుకుంటే చాలదు. జీఎన్‌ఎం అయితే మూడేళ్లకు, బీఎస్సీ అయితే నాలుగేళ్లకు సరిపడా ఒక పద్దు ముందే రాసుకోవాలి. అందులో రూపాయలతో పాటు రోజులూ రాసుకోవాలి. నర్సింగ్‌లో పోయిన క్లినికల్ రోజును, అంటే వార్డు డ్యూటీ రోజును, మళ్లీ డ్యూటీ చేసి పూడ్చాల్సిందే, ఆ పూడ్చడానికి డబ్బు ఖర్చవుతుంది.

చేరకముందు మూడు నెలలు: ఒక్క జీతంతో నడిపి చూడండి

మీరు ఇప్పుడు కుట్టుమిషన్ మీదో, బట్టల షాపులోనో, ప్రైవేటు బడిలోనో నెలకు ఐదారు వేలు సంపాదిస్తూ ఉండొచ్చు. కోర్సులో చేరిన రోజు నుంచి అది ఉండదు. ఉండదని తెలిసినా, ఆ లోటు ఎంత పెద్దదో అనుభవంలోకి వచ్చేదాకా అర్థం కాదు. అందుకే చేరడానికి మూడు నెలల ముందు నుంచే మీ సంపాదన ముట్టుకోకుండా, భర్త జీతంతోనే ఇల్లు నడపండి. మీ ఐదు వేలు నేరుగా వేరే ఖాతాలో వేయండి. మూడు నెలలకు పదిహేను వేలు అవుతుంది. మొదటి ఏడాది యూనిఫాం, బూట్లు, పుస్తకాలకు అదే ఆధారం.

అంతకంటే ముఖ్యంగా, ఎక్కడ నలుగుతుందో తెలుస్తుంది. రెండో నెలలోనే చేబదులు అడగాల్సి వచ్చిందంటే ఆ ఇంటి లెక్క ఇంకా కోర్సుకు సిద్ధంగా లేదు. అప్పుడు కిరాయి తక్కువున్న ఇంటికి మారాలా, నడుస్తున్న చిట్టీ అయిపోయేదాకా ఒక ఏడాది ఆగాలా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. చేరాక ఆ మాట రావడం చాలా బాధగా ఉంటుంది.

సీటు ఒప్పుకునే ముందు కాలేజీలో అడగాల్సినవి

ముందుగా అనుమతి సంగతి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, బీఎస్సీ అయితే తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అఫిలియేషన్ ఆ ఏడాదికి ఉందా చూడండి. గుర్తింపు లేకపోతే స్కాలర్‌షిప్ లేదు, బ్యాంకు లోన్ లేదు, చివరికి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా లేదు. బెంగళూరులో సీటు ఇప్పిస్తాను, క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు అనే మధ్యవర్తులు మన ఊళ్లలోనూ తిరుగుతుంటారు. వార్డులో చేయి తిరగని నర్సు చేతిలో రోగి ప్రాణం ఉంటుంది. డబ్బు మాట పక్కన పెట్టినా అలాంటి చదువు వద్దు.

తర్వాత కన్వీనర్ కోటానా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు), మేనేజ్‌మెంట్ కోటానా. ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వం మీ ఫీజు కట్టడం, కన్వీనర్ కోటాకే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరి, తర్వాత చూద్దాంలే అనుకుంటే మొత్తం ఫీజు మీదే.

ఫీజు కాక ఇంకేం కట్టాలో కాగితం మీద రాసి ఇమ్మనండి. హాస్టల్ తప్పనిసరా, చిన్న పిల్లలున్నవాళ్లకు ఇంటి నుంచి వచ్చే వీలుందా, కాలేజీ బస్సు ఫీజెంత, హాస్పిటల్ పోస్టింగ్‌కు తీసుకెళ్లే బండి ఖర్చు ఎవరిది, యూనిఫాం వాళ్ల దగ్గరే కొనాలా, కాషన్ డిపాజిట్ ఎంత, అది ఎప్పుడు తిరిగిస్తారు. నోటితో చెప్పినవి రెండో ఏడాదికి మారిపోతాయి. ప్రిన్సిపాల్ రాసివ్వకపోతే, మీరే ఒక కాగితం మీద రాసుకుని ఆఫీసులో చూపించి, ఇదే కదండీ అని అడిగి, తేదీ వేసి ఉంచుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తీసుకుంటుంది. ఇచ్చే ముందు టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్, కులం, ఆదాయం కాగితాలన్నీ నాలుగేసి జెరాక్సులు తీయించి, ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏవేవి ఇచ్చారో జాబితా రాసి రసీదు మీద సంతకం అడగండి. మధ్యలో మానేస్తే మిగతా ఏళ్ల ఫీజు కట్టాలనే షరతు అడ్మిషన్ ఫారంలో ఉందేమో చదివాకే సంతకం పెట్టండి.

కోర్సు పద్దు: ఒక్కసారిగా పడేవాటిని నెలకు విడగొట్టడం

ఇదే అసలు పని. నూరు పేజీల నోట్‌బుక్ తీసుకోండి. ఒక పేజీకి ఒక నెల. జూన్ నుంచి మళ్లీ మే దాకా ఏ నెలలో ఏ పెద్ద ఖర్చు వస్తుందో సీనియర్లను అడిగి రాయండి. కాలేజీ ఆఫీసు కంటే సీనియర్ల లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది. ఫ్రెషర్స్ పార్టీకి, దీపం వెలిగించి ప్రమాణం చేసే కార్యక్రమానికి, మే 12న నర్సుల దినోత్సవానికి తలా ఎంత వేసుకుంటారో కూడా వాళ్లకే తెలుసు.

రాయాల్సినవి: పరీక్ష ఫీజు. తెల్ల యూనిఫాం జతలు, బూట్లు, పేరు బ్యాడ్జీ. రికార్డు పుస్తకాలు, కేస్ స్టడీలు, చార్టులు, ఆరోగ్య బోధనకు చేసే ఫ్లాష్ కార్డులు. ఒక్కొక్కటి చిన్నదే, ఏడాదికి కలిపితే పాఠ్య పుస్తకాలను మించిపోతుంది. స్టెతస్కోపు, బీపీ మిషన్ అందరూ మొదటి వారమే కొంటారు. బీపీ మిషన్ ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవచ్చు, కమ్యూనిటీ పోస్టింగ్ దాకా ఆగొచ్చు కూడా. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వార్డులోకి అడుగుపెట్టకముందే మొదలుపెట్టాలి. రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు. సూది గుచ్చుకునే ప్రమాదం విద్యార్థులకూ ఉంటుంది కాబట్టి దీన్ని మాత్రం వాయిదా వేయకండి. కాలేజీ వేయిస్తుందేమో ముందు అడగండి.

ఊరు దాటి వెళ్లే పోస్టింగ్ చాలామంది లెక్కలో ఉండదు. మానసిక వైద్యం పోస్టింగ్‌కు తెలంగాణ జిల్లాల నుంచి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆసుపత్రికి, ఉత్తరాంధ్ర నుంచి విశాఖలోని మానసిక ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తుంది. కొన్ని వారాలు అక్కడే ఉండాలి. గది, తిండి, ఇంట్లో పిల్లవాడిని చూసుకోవడానికి వచ్చే మీ అమ్మ రాకపోకలు, అన్నీ ఆ నెల పేజీలో రాయండి.

అంకెలతో ఒక నమూనా చూపిస్తాను. ఇవి నేను ఊహించి వేసినవి, మీ అంకెలు మీరు వేసుకోండి. పరీక్ష ఫీజులు 4,000, యూనిఫాం, బూట్లు, రికార్డులు 9,000, బయటి పోస్టింగ్ 8,000, పిల్లవాడి బడి ఫీజు 18,000, పండుగల బట్టలు, పిండివంటలు 9,000. మొత్తం 48,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 4,000. జీతం పడిన రోజే ఈ నాలుగు వేలు వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్ పేకు కలపకండి. బ్యాంకుకు వెళ్లి తీసుకోవాలంటే కలిగే ఆ కాస్త ఇబ్బందే డబ్బును కాపాడుతుంది. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా దీనికి బాగా సరిపోతుంది.

నెల లెక్క

అదే ఇంటికి భర్త జీతం 21,000 అనుకుందాం. కిరాయి 4,500, కిరాణా, పాలు, కూరగాయలు 6,500, పెట్రోలు 1,500, పిల్లవాడి వ్యాను 800, ఫోన్ రీచార్జీలు 600, మందులు 500. ఇక్కడికి 14,400. కోర్సు ఖాతాకు 4,000 కలిపితే 18,400. మిగిలింది 2,600. అందులో 1,500 ఆపదకు దాచి, 1,100 చేతిలో ఉంచుకోండి. ఆ పదకొండు వందలు లేకుండా రూపాయి రూపాయి బిగించి రాసిన లెక్క రెండు నెలల కంటే నిలబడదు.

అత్తమ్మకు ఆసరా పింఛను 2,016 వస్తుంటే దాన్ని ఇంటి లెక్కలో కలపకండి. అది ఆమె మందులకు, ఆమె చేతి ఖర్చుకు. మీరు పొద్దున ఏడింటికి పోస్టింగ్‌కు వెళ్తే పిల్లవాడికి తల దువ్వి బడికి పంపేది ఆమే. ఆమె పింఛను మీద చేయి వేస్తే ఇంట్లో వచ్చే దూరాన్ని ఏ పొదుపూ పూడ్చలేదు.

తిండి దగ్గర మిగిలేది అనుకున్నదానికంటే ఎక్కువ. క్యాంటీన్‌లో పొద్దున టిఫినుకు నలభై, రెండుసార్లు టీకి ఇరవై అనుకున్నా నెలలో పాతిక రోజులకు 1,500. డబ్బా కట్టుకెళ్తే ఇది దాదాపు మొత్తం మిగులుతుంది. కానీ పొద్దున నాలుగింటికి లేచి వంట చేసి, వార్డులో ఎనిమిది గంటలు నిలబడి, రాత్రి రికార్డులు రాయడం ఎవరి వల్లా కాదు. అందుకని రాత్రే కూర వండి పెట్టుకోవడం, ఆదివారం ఇడ్లీ పిండి, చపాతీ పిండి, ఒక పప్పుల పొడి సిద్ధం చేసుకోవడం అలవాటు చేసుకోండి. ఎండాకాలంలో ఆవకాయ, మాగాయ, టమాటా పచ్చడి కొంచెం ఎక్కువే పెట్టుకోండి. పరీక్షల నెలలో ముద్దపప్పు, ఆవకాయతో గడిచిన పూటలు ఎన్నో ఉంటాయి. వారానికి ఒక పూట బయటి నుంచి తెప్పించుకునే డబ్బు కూడా లెక్కలోనే రాయండి. రాస్తే అది దుబారా కాదు.

ప్రభుత్వం నుంచి వచ్చేవి

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల టికెట్ లేదు. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో కూడా అంతే. కాలేజీ బస్సుకు ఏడాదికి వేలు కట్టే ముందు, మీ ఊరి ఆర్టీసీ బస్సు టైములు డ్యూటీ టైముకు కలుస్తాయేమో చూడండి. మధ్యాహ్నం డ్యూటీ రాత్రి ఎనిమిదింటికి దిగేటప్పుడు చివరి బస్సు ఉందా అన్నది ముఖ్యం. లేకపోతే ఆ వారాలకు ఆటో డబ్బు పక్కన పెట్టండి. చీకటి పడ్డాక పొదుపు కోసం రోడ్డు మీద నిలబడవద్దు.

తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు ఉండదు, కిరాయి ఇంటికి కూడా. అయితే 200 దాటితే పైన వాడినవాటికి మాత్రమే కాదు, మొత్తానికీ కట్టాలి. నెలాఖరులో మీటరు చూసుకుంటూ ఉండండి. గ్యాస్ సిలిండర్ రాయితీ మాత్రం ముందు మొత్తం కడితే తర్వాత ఖాతాలో పడుతుంది. తెలంగాణలో 500 రూపాయల సిలిండరైనా, ఆంధ్రలో దీపం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లయినా పద్ధతి అదే. కాబట్టి సిలిండర్ డబ్బు చేతిలో ఉండాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో బడికి వెళ్లే పిల్లలకు తల్లికి వందనం కింద 15,000 ప్రకటించి, బడి నిర్వహణకు 2,000 పోగా 13,000 తల్లి ఖాతాలో వేశారు. 2025 జూన్‌లో మొదటి విడత వచ్చింది. ఇలాంటిది పడగానే నేరుగా పిల్లవాడి బడి ఫీజు కింద కోర్సు ఖాతాకు మార్చేయండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్: వస్తుందనుకోండి, ఎప్పుడనుకోకండి

దరఖాస్తు చేసే వెబ్‌సైటు తెలంగాణలో ఈపాస్, ఆంధ్రలో జ్ఞానభూమి. చేరిన ఏడాది కొత్త దరఖాస్తు, ఆ తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్. గడువు తేదీ మరిచిపోయి ఒక ఏడాది ఫీజు మొత్తం పోగొట్టుకున్నవాళ్లున్నారు. పద్దులో ఆ పేజీ మీద ఎర్ర సిరాతో రాయండి.

పెళ్లయినవాళ్లకు వచ్చే చిక్కు పేర్ల దగ్గర. టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. చేరకముందే ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ టెన్త్ మెమోతో సరిచేయించుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయితే చాలదు, ప్రభుత్వ డబ్బు పడేలా ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే నమోదు) ఆ ఖాతాకే ఉండాలి. బ్యాంకులో ఆ మాటే చెప్పి అడగండి. ఆదాయ ధ్రువపత్రం పుట్టింటి పేరు మీద తీసుకోవాలా, భర్త పేరు మీదా అన్నది కాలేజీ స్కాలర్‌షిప్ గుమస్తాను, మీసేవలోనో సచివాలయంలోనో అధికారిని అడిగి తేల్చుకోండి. తప్పు కాగితంతో వెళ్తే మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

రెండు రాష్ట్రాల్లోనూ ఈ డబ్బు ఆలస్యం కావడం ఏళ్ల తరబడి చూస్తున్నదే. కాలేజీకి రాకపోతే కాలేజీ మిమ్మల్ని అడుగుతుంది. ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తామంటుంది. కట్టాల్సి వస్తే వాయిదాలుగా కట్టండి, నగదు ఇవ్వకండి. బ్యాంకు ద్వారా కట్టి రసీదు మీద రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగివ్వాల్సిన మొత్తం అని రాయించుకోండి. స్కాలర్‌షిప్‌లో మీ తిండీ బసకిచ్చే మెయింటెనెన్స్ డబ్బు మీ ఖాతాలో పడితే దాన్ని ఇంటి ఖర్చుకు లెక్కపెట్టకండి. పడినప్పుడు కోర్సు ఖాతాలో వేయండి. ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల్లో వచ్చే స్టైపెండ్ సంగతి కూడా అంతే. అది వస్తేనే పాల బిల్లు కట్టగలం అన్న స్థితి తెచ్చుకోవద్దు.

అప్పు తప్పనప్పుడు ఏ వరుసలో చేయాలి

మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. యాభై వేలు మూడు రూపాయలకు తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అవే యాభై వేలు బ్యాంకులో బంగారం మీద తీసుకుని, ఏడాదికి పది శాతం వడ్డీ అనుకున్నా 5,000. మిగిలిన 13,000 మీ బయటి పోస్టింగ్ ఖర్చు పోను ఇంకా మిగులుతుంది. మెడలో గొలుసు కుదువ పెట్టడం నామోషీ అనుకుని మూడు రూపాయల వడ్డీకి వెళ్లేవాళ్లను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. బంగారం తిరిగొస్తుంది, ఆ పద్దెనిమిది వేలు రావు. అయితే రెన్యువల్ తేదీ గోడ మీది క్యాలెండర్‌లో రాయండి, ఏడాది దాటనివ్వకండి.

మొత్తం ఫీజు మీద పడినవాళ్లు ముందు బ్యాంకు విద్యా రుణం చూడండి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయొచ్చు. నాలుగు లక్షల దాకా మీ వాటా డబ్బు అడగరు, ఆస్తి తనఖా కూడా అడగకూడదు. పెళ్లయిన అమ్మాయికి భర్త గానీ అత్తమామలు గానీ సహ రుణగ్రహీతగా ఉండొచ్చు, నాన్నే రావాలని లేదు. చాలా ప్రభుత్వరంగ బ్యాంకుల్లో ఆడపిల్లలకు అర శాతం వడ్డీ తగ్గింపు ఉంది. కోర్సు పూర్తయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు, కానీ వడ్డీ మాత్రం లెక్కలో పడుతూనే ఉంటుంది. రెండు లక్షలకు పది శాతమైతే నెలకు దాదాపు 1,670. అందులో సగమైనా నెలనెలా కడితే చివర్లో భారం చాలా తగ్గుతుంది. చదువు కాలంలో వడ్డీ మొత్తం కట్టేవాళ్లకు ఒక శాతం దాకా రాయితీ ఇచ్చే బ్యాంకులున్నాయి, అడగండి. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపైతే కేంద్ర వడ్డీ రాయితీ పథకం మీ కాలేజీకి వర్తిస్తుందేమో కూడా అదే మేనేజరును అడగండి.

డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రుణాలు బయటి వడ్డీ కంటే చాలా నయం. ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. పోస్టింగ్ రోజుల్లో మీరు సమావేశానికి వెళ్లలేరు. చేరే ముందే సంఘం లీడరక్కతో చెప్పుకుని, ఏ తేదీకి ఎవరి చేత వాయిదా పంపుతారో ఖాయం చేసుకోండి. మీ ఒక్కరి వాయిదా ఆగితే సంఘం మొత్తానికి తర్వాతి లోను ఇబ్బందవుతుంది.

చిట్టీ వేయాలనుంటే రిజిస్టరు చేసిన కంపెనీలోనే వేయండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నడిచేచోట మీకు పాస్‌బుక్, ఒప్పంద పత్రం ఉంటాయి. వీధిలో నమ్మకం మీద నడిచే చిట్టీ కోర్సు మధ్యలో మునిగితే మీరు వెంటపడి తిరిగే తీరిక ఉండదు. వారం వారం ఇంటికొచ్చి వసూలు చేసే ఫైనాన్సులు, ఫోనులో నిమిషంలో ఇస్తామనే లోన్ యాప్‌లు వద్దే వద్దు. యాప్ వాళ్లు ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని, మీ క్లాసువాళ్లకు, మేడమ్‌లకు ఫోన్లు చేసి పరువు తీస్తారు. ఇప్పటికే చిక్కుకుని ఉంటే సిగ్గుపడి దాచకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

హాజరును అమ్ముకోకండి

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం పరీక్షకు కూర్చోవాలంటే థియరీలో, ప్రాక్టికల్స్‌లో కనీసం 80 శాతం హాజరుండాలి. క్లినికల్ అయితే సర్టిఫికెట్ ఇచ్చేలోపు నూటికి నూరు పూర్తిచేయాలి. అంటే మీరు మానేసిన వార్డు డ్యూటీ ఎక్కడికీ పోదు, సెలవుల్లోనో కోర్సు చివర్లోనో మీ కోసం కూర్చునే ఉంటుంది.

ఇంట్లో డబ్బు తగ్గినప్పుడు మొదట వచ్చే ఆలోచన, దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీకి వెళ్దామని. నాకు ఆ దారి నచ్చదు. మీకు ఇంకా రిజిస్ట్రేషన్ లేదు. రాత్రి అక్కడ ఏదైనా జరిగితే మీ పక్కన నిలబడేవాళ్లు ఉండరు. పొద్దున క్లాసులో నిద్ర వస్తుంది, పోస్టింగ్ తప్పుతుంది. ఒక పేపరు పోయి ఆరు నెలలు వెనకబడితే, నెలకు పదిహేను వేల ఉద్యోగం అనుకున్నా 90,000 నష్టం. నర్సింగ్ హోమ్ ఇచ్చే నాలుగైదు వేలకు అది చాలా ఎక్కువ ధర. సంపాదించాలనుంటే వేసవి సెలవుల్లో, దసరా సెలవుల్లో బ్లౌజులు కుట్టండి, పిల్లలకు ట్యూషన్ చెప్పండి. సెమిస్టర్ నడిచేటప్పుడు మాత్రం చదువే చేయండి.

పిల్లవాడికి జ్వరం వస్తే ఎవరుండాలన్నది కూడా హాజరు లెక్కే. మొదటి రోజు నాన్న సెలవు, రెండో రోజు నానమ్మ, మూడో రోజుకు కూడా తగ్గకపోతే మీరు. ఇలా ముందే అనుకుని ఉంటే ఆ పొద్దున గొడవ ఉండదు. మూడేళ్లు నిండిన పిల్లలకు అంగన్‌వాడీ ఉంది, ఉచితం, మధ్యాహ్నం అన్నం పెడతారు.

భర్త జీతం మీద ఇల్లు నడుస్తున్నప్పుడు ఆయనకు బీమా లేకపోవడం పెద్ద ప్రమాదం. బ్యాంకు ఖాతా నుంచే ఏడాదికి 436 రూపాయలతో జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయలతో సురక్షా బీమా (ప్రమాద బీమా) వస్తాయి, ఒక్కోదానికి రెండు లక్షలు. ఇద్దరికీ కలిపి 912. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు ఉండాలి, ఆ నెల పేజీలో రాయండి.

చదివింపులు, ఫంక్షన్లు

పెళ్లిళ్ల నెలల్లో ఒక్కోసారి ఇంటి లెక్క కోర్సు వల్ల కాక చదివింపుల వల్ల తప్పుతుంది. కోర్సు నడిచినన్నాళ్లు దూరపు బంధువులకు 116, దగ్గరివాళ్లకు 516, తోడబుట్టినవాళ్ల ఇంట్లో అయితే మీ ఇష్టం అని భార్యాభర్తలు ఒక మాట అనుకోండి. చీర కొనడం మానేయండి. పెద్దవాళ్లకు ముందే చెప్పండి, ఈ మూడేళ్లు ఇంతేనత్తమ్మా, చదువయ్యాక మనింట్లో ఏ లోటూ చేయను అని. చెప్పకుండా తగ్గిస్తే చిన్నబుచ్చుకుంటారు, చెబితే చాలామంది మీ తరఫున వాళ్లే మాట్లాడతారు.

చివరి ఏడాది

ఆఖరి పరీక్షకూ మొదటి జీతానికీ మధ్య ఎంత లేదన్నా కొన్ని నెలలు పడుతుంది. ఫలితాలు రావాలి, మార్కుల మెమోలు చేతికి రావాలి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి, తర్వాత ఇంటర్వ్యూలు, చేరాక ఇంకో నెలకు జీతం. అందుకే చివరి ఏడాది మొదటి నెల నుంచే కోర్సు ఖాతాలో వేసే 4,000కు ఇంకో 1,000 కలపండి. రికార్డులు, యూనిఫాం ఖర్చు ఆ ఏడాది తగ్గుతుంది కాబట్టి వీలవుతుంది. ఏడాదికి 12,000. రిజిస్ట్రేషన్ ఫీజు, ఇంటర్వ్యూలకు తిరగడం, ఒక మంచి జత బట్టలు దాంట్లో అయిపోతాయి.

మీ పాత పుస్తకాలు, పాడవని యూనిఫాం, బీపీ మిషన్ జూనియర్లకు సగం ధరకు ఇచ్చేయండి. చేరినప్పుడు మీరు వెతుక్కున్నట్టే వాళ్లూ వెతుక్కుంటుంటారు.

కాలేజీ నుంచి బయటకొచ్చే రోజు నో డ్యూస్ (బాకీలేవీ లేవనే కాగితం) మీద సంతకాలు చేయించుకుని, టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్, టీసీ, స్టడీ, కాండక్ట్, అన్ని ఏళ్ల మెమోలు, క్లినికల్ గంటల పత్రం తీసుకోండి. రీయింబర్స్‌మెంట్ బకాయి పేరుతో ఒరిజినల్స్ ఆపితే, మీరు ముందే కట్టిన వాయిదాల రసీదులు ఆ రోజు పనికొస్తాయి. లైబ్రరీ పుస్తకాలన్నీ అప్పగించాక, చేరినప్పుడు రాయించుకున్న కాగితం చూపించి కాషన్ డిపాజిట్ అడగండి. అడగనివాళ్లకు ఇవ్వరు.